44 ఏళ్ళ వయసులో ట్రక్ డ్రైవర్‌గా విదేశానికి: యూరప్ మేలా, కెనడా మేలా?

స్టీరింగ్44 అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా వయసు 44. ఇరవైల్లోనే ట్రైలర్ ఎక్కాను. మధ్యలో కొన్నేళ్ళు ఆఫీసులో కూర్చుని బండ్లు పంపించే పని చూశాను గానీ నా మనసెప్పుడూ స్టీరింగ్ మీదే. ఇప్పుడు మళ్ళీ బండి నడుపుతున్నాను. పెద్దమ్మాయి కాలేజీలో చేరబోతోంది, చిన్నోడు ఇంకా బడిలోనే ఉన్నాడు. బయటి దేశం వెళ్ళాలని గట్టిగా అనుకుంటున్నాను. ఇంకో ఐదేళ్ళు ఆగితే నన్ను ఎవరూ తీసుకోరేమోనని భయం.

రెండు దారులు కనబడుతున్నాయి. ఒకటి లిథువేనియా. ఒక ఏజెంటు వర్క్ పర్మిట్ ఇప్పిస్తానంటున్నాడు. లైసెన్సు, కోడ్ 95 (లైసెన్సు మీద వేసే వృత్తి డ్రైవర్ అర్హత గుర్తు) అక్కడికెళ్ళాక కంపెనీయే చేయిస్తుందట. బండి జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం తిరుగుతుందట. కాంట్రాక్టు కాపీ పంపాడు. అందులో జీతం రెండు ముక్కలుగా ఉంది. అసలు జీతం చూస్తే తక్కువ, రోజువారీ భత్యం చూస్తే ఎక్కువ. రెండూ కలిపి చెప్పేసరికి కళ్ళు తిరిగేంత అంకె వస్తోంది.

రెండోది కెనడా. తెలిసినవాళ్ళ ద్వారా ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ఎల్ఎంఐఏ (విదేశీయుణ్ణి పనిలో పెట్టుకోవడానికి కంపెనీ తీసుకునే ప్రభుత్వ అనుమతి) ఇస్తానంటోంది, కానీ దానికి నా దగ్గర పెద్ద మొత్తమే అడుగుతున్నారు. అక్కడైతే కొన్నేళ్ళకి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తుంది, కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు అంటున్నారు.

నాకు బీపీ మాత్ర ఒకటి నడుస్తోంది, నడుము అప్పుడప్పుడూ పట్టేస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. ఈ వయసులో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. నా అనుభవానికి అక్కడ లెక్క ఉంటుందా? రోజు ఎలా గడుస్తుంది? దేనికి సిద్ధపడి రావాలి?


టాకో_కార్డు జవాబు:

తమ్ముడూ, నేను 43లో వచ్చాను, ఇప్పుడు 49. మొదట పోలండ్‌లో ఒక పెద్ద కంపెనీ, ఇప్పుడు జర్మనీలో చిన్న కంపెనీ. నువ్వడిగిన వరసలో కాకుండా, నా దృష్టిలో ఏది పెద్ద విషయమో అది ముందు చెబుతాను.

జీతం అంకె చూసి దేశాన్ని ఎంచుకోకు. రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటావు, ఎన్ని వారాలకి ఒకసారి బండి దిగుతావు, ఈ రెండూ చూసి ఎంచుకో. పాతికేళ్ళ కుర్రాడు మూడు నెలలు క్యాబిన్‌లోనే ఉన్నా దులుపుకుని లేస్తాడు. మన వయసులో ఆ మూడు నెలలూ నడుము మీద, నిద్ర మీద, బీపీ మీద పడతాయి. ఒంట్లో బాగోక నాలుగు వారాలు పని ఆగిందనుకో, ఏజెంటు చెప్పిన ఆ పెద్ద అంకె ఎక్కడికి పోతుందో చూసుకో.

యూరప్‌లో దీనికి చట్టం గట్టిగానే ఉంది. 561/2006 అనే రెగ్యులేషన్ ఉంది, దాన్ని బడి పుస్తకంలా చదువుకుని రా. రోజుకి 9 గంటల డ్రైవింగ్, వారంలో రెండుసార్లు మాత్రం 10 దాకా పోవచ్చు. వారానికి 56 దాటకూడదు, వరసగా రెండు వారాలు కలిపి 90 దాటకూడదు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాల్సిందే. కావాలంటే ముందు 15, తర్వాత 30గా విడగొట్టుకోవచ్చు. రోజుకి 11 గంటల విశ్రాంతి, వారానికి 45 గంటల విశ్రాంతి. దీన్ని కొన్నిసార్లు తగ్గించుకోవచ్చు గానీ తగ్గించిన గంటలు తర్వాత కలిపి ఇవ్వాలి. 2020 ఆగస్టు నుంచి ఇంకో రెండు మాటలు చేరాయి. ఆ 45 గంటల విశ్రాంతి క్యాబిన్‌లో తీసుకోకూడదు, బస ఖర్చు కంపెనీదే. రెండోది, నాలుగు వారాలు తిరిగేలోపు నువ్వు కంపెనీ ఉన్న చోటికో నీ ఇంటికో వెళ్ళి విశ్రాంతి తీసుకునేలా బండ్ల ప్రోగ్రాం వేయాలి. చట్టం ఇలా ఉంది కదా అని అందరూ పాటిస్తారనుకోకు. ఆదివారం ఏ హైవే పార్కింగ్‌లోనైనా చూడు, అద్దాలకి పరదాలు వేసుకుని క్యాబిన్లలో పడుకున్నవాళ్ళు వరసగా కనబడతారు. అందుకే చేరకముందే అడగమంటున్నాను.

ఇప్పుడు టాకోగ్రాఫ్, అంటే నువ్వు నడిపిన గంటలు, ఆగిన గంటలు రాసుకునే మెషిన్. నీ పేరు మీద ఒక కార్డు ఇస్తారు, అది మెషిన్‌లో పెట్టకుండా బండి కదపకూడదు. బండి కదిలితే స్టీరింగ్ బొమ్మ దానంతట అదే పడుతుంది. ఆగినప్పుడు ఏ బొమ్మ పెట్టాలన్నది నీ చేతిలో ఉంటుంది. మంచం బొమ్మ అంటే విశ్రాంతి, అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు అంటే వేరే పని. లోడు దింపుతున్నావు, బెల్టులు బిగిస్తున్నావు, డీజిల్ కొట్టిస్తున్నావు, బండి చెక్ చేస్తున్నావు, ఇదంతా సుత్తుల కిందే రావాలి. మొదట్లో డిస్పాచర్ (ఆఫీసులో కూర్చుని బండ్లు పంపేవాడు) ఫోన్ చేసి "మంచం పెట్టెయ్, గంటలు మిగులుతాయి" అంటాడు. పెట్టకు. మంచం బొమ్మ కింద ప్యాలెట్లు లాగుతూ చెకింగ్‌లో దొరికితే కార్డు నీది, కేసు నీది, ఆ ఫోన్ చేసినవాడు కనబడడు. రోడ్డు మీద ఆపితే ఆరోజుతో పాటు వెనకటి 56 రోజుల రికార్డు చూపించాలి. 2024 డిసెంబర్ ఆఖరు దాకా ఇది 28 రోజులే ఉండేది. అంటే దాదాపు రెండు నెలల నీ జీవితం నిమిషాలతో సహా పోలీసు చేతిలో ఉన్నట్టే. నాకు ఇది భారంగా అనిపించలేదు. చాలా ఏళ్ళ తర్వాత నా నిద్రకి ఒక చట్టం కాపలా ఉంది. "గంటలు అయిపోయాయి సార్" అని చెప్పి బండి పక్కకి తీస్తే నన్ను తిట్టే హక్కు ఎవరికీ లేదు.

నీ అనుభవం గురించి అడిగావు. కాగితం మీద దానికి పెద్ద లెక్క ఉండదు. మన లైసెన్సు ఉన్నపళంగా మార్చి ఇచ్చే దేశాలు తక్కువ, థియరీ, ప్రాక్టికల్ మళ్ళీ రాయాలి. ట్రైలర్‌కి కావలసింది సీఈ కేటగిరీ. దాని మీద కోడ్ 95 ఉండాలి. మొదటి అర్హత కోర్సు మామూలుది 280 గంటలు, వేగంగా చేసేది 140 గంటలు. ఆ తర్వాత ప్రతి ఐదేళ్ళకీ 35 గంటల క్లాసులు. ఇవి కాక, యూరోపియన్ యూనియన్ (ఈయూ) పౌరుడు కాని డ్రైవర్ కోసం కంపెనీ డ్రైవర్ అటెస్టేషన్ అనే పత్రం తీసుకోవాలి. అసలు పత్రం నీ దగ్గర బండిలోనే ఉండాలి. నీ ఏజెంటుని ఒక్క ప్రశ్న అడుగు. లైసెన్సు, కోడ్ 95 అయ్యేదాకా నాకు జీతం ఎవరిస్తారు, ఆ కోర్సు ఖర్చు నా జీతంలో కోస్తారా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? నోటిమాట కాదు, రాసివ్వమను.

కానీ బండి ఎక్కాక నీ అనుభవం మొత్తం అక్కరకొస్తుంది, అది మాత్రం నిజం. మనం రోడ్డుకి ఎడమ పక్క నడిపినవాళ్ళం, ఇక్కడ కుడి పక్క, స్టీరింగ్ ఎడమ వైపు. నేరుగా పోయేటప్పుడు ఏమీ తెలియదు, తొందరగానే అలవాటవుతుంది. తడబాటంతా రివర్స్‌లో. డాక్‌కి (లోడు ఎక్కించి దింపే గట్టుకి) వెనక్కి పెట్టేటప్పుడు ట్రైలర్ డ్రైవర్ వైపుకి తిరిగితే కిటికీలోంచి చూసుకోవచ్చు, అవతలి వైపుకి తిరిగితే కంటికి కనబడదు. ఇన్నేళ్ళూ నీకు కనబడిన వైపు ఇప్పుడు మూసుకుపోతుంది, కనబడని వైపు తెరుచుకుంటుంది. పక్కన క్లీనర్ ఉండడు. అనుమానం వస్తే హ్యాండ్‌బ్రేక్ వేసి దిగి వెనక్కి నడిచి చూసుకో. ఎన్నిసార్లు దిగినా ఎవరూ నవ్వరు, డాక్ గోడకి కొడితే మాత్రం అందరూ వస్తారు.

ట్రైలర్ తగిలించేటప్పుడు కూడా తొందర వద్దు. ఫిఫ్త్ వీల్ (ట్రైలర్ కూర్చునే బండి మీది పళ్ళెం) దగ్గరికి దిగి, కింగ్ పిన్ (ట్రైలర్ కింది ఇనుప పిన్ను) చుట్టూ దవడ పూర్తిగా మూసుకుందో లేదో టార్చ్ వేసి చూడు. ట్రైలర్ బ్రేక్ వేసే ఉంచి ఫస్ట్ గేర్‌లో మెల్లగా ముందుకి లాగి చూడు, వదలకపోతే పట్టినట్టే. తర్వాత గాలి పైపులు, కరెంటు వైరు, ఆఖర్న ల్యాండింగ్ లెగ్స్ (ట్రైలర్‌ని నిలబెట్టే కాళ్ళు) పైకి. ఒక్క నిమిషం పని. చీకట్లో, వానలో, అలసటలో ఆ ఒక్క నిమిషాన్నే ఎగ్గొట్టాలనిపిస్తుంది.

జీతం రెండు ముక్కలుగా ఉందన్నావు. ఇది చాలా కంపెనీల్లో ఉన్నదే. భత్యం నువ్వు బయట తిరిగిన రోజులకే వస్తుంది. ఒంట్లో బాగోక పడుకుంటే, సెలవు తీసుకుంటే, పింఛను లెక్క కడితే, లెక్కలోకి వచ్చేది ఎక్కువగా ఆ చిన్న అసలు జీతమే. కుర్రాళ్ళు దీన్ని పట్టించుకోరు. 44లో నువ్వు పట్టించుకోవాలి, ఎందుకంటే జబ్బుకీ ముసలితనానికీ వాళ్ళకంటే నువ్వే దగ్గర.

జీతం ఎగ్గొడితే ఏం చేయాలన్నది కూడా వచ్చే ముందే తెలుసుకో. 2023లో జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర గ్రేఫెన్‌హౌజెన్ అనే హైవే విశ్రాంతి స్థలంలో ఒక పోలండ్ సంస్థ డ్రైవర్లు, ఎక్కువమంది జార్జియా, ఉజ్బెకిస్తాన్ వాళ్ళు, జీతాలు రాలేదని బండ్లు ఆపేసి వారాల తరబడి కూర్చున్నారు. అదే ఏడు మళ్ళీ రెండోసారి కూర్చున్నారు, కొందరు అన్నం కూడా మానేశారు. చివరికి డబ్బు రాబట్టుకున్నారు. వాళ్ళూ మనలాగే ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. జర్మన్ కార్మిక సంఘాల సమాఖ్య డీజీబీ తరఫున ఫేర్ మొబిలిటెట్ అని ఒక సలహా కేంద్రం ఉంది, వాళ్ళు డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. నంబర్ ఫోన్‌లో వేసుకునే రా. నువ్వు తిరిగిన రోజులు, కిలోమీటర్లు, ఆగిన ఊళ్ళు ఒక నోటు పుస్తకంలో నీ చేత్తో రాసుకో. జీతం లెక్క తేడా వచ్చినప్పుడు ఆ పుస్తకమే నీ సాక్షి.

బీపీ మాత్రతో లైసెన్సు ఆగిపోదు, అదుపులో ఉంటే చాలు. కానీ నువ్వు నిద్రలో గట్టిగా గురక పెడతావా? పగలు కళ్ళు మూతలు పడతాయా? అయితే బయల్దేరకముందే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) పరీక్ష చేయించుకో. ఇక్కడ మెడికల్‌లో దీన్ని చూస్తారు. తీవ్రంగా ఉండి వైద్యం చేయించుకోకపోతే లైసెన్సు ఇవ్వరు. లారీ లైసెన్సుకి ఐదేళ్ళకోసారి మెడికల్ ఉంటుంది.


మంచుదారి జవాబు:

నమస్తే అండీ. కెనడా సంగతి నేను చెబుతాను. నేను అల్బర్టా నుంచి బ్రిటిష్ కొలంబియాకి నడుపుతాను.

మొదటి మాట: ఎల్ఎంఐఏకి డబ్బు అడుగుతున్నారంటే అక్కడే ఆగిపోండి. ఆ దరఖాస్తు ఫీజు 1000 డాలర్లు కట్టాల్సింది కంపెనీ. దాన్ని కార్మికుడి దగ్గర వసూలు చేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. ఉద్యోగం అమ్ముకునేవాడు తర్వాత జీతం సరిగ్గా ఇస్తాడని నేను నమ్మను. పైగా ఆ పర్మిట్ ఆ ఒక్క కంపెనీకే కట్టేసి ఉంటుంది. వేధిస్తే బయటపడటానికి 2019 నుంచి ఓపెన్ వర్క్ పర్మిట్ దారి ఒకటి ఉంది గానీ వేధింపు జరిగిందని ఆధారాలు చూపించాలి. మెసేజ్‌లు, పే స్లిప్పులు దాచుకోవాలి.

రెండో మాట మీ వయసు గురించి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (పాయింట్లు చూసి పీఆర్ ఇచ్చే పద్ధతి) లెక్కలో వయసుకి పాయింట్లు 20 నుంచి 29 మధ్య నిండుగా ఉంటాయి. భార్యతో కలిసి దరఖాస్తు చేస్తే వంద వస్తాయి. 44కి వచ్చేసరికి ఐదు. 45 నిండితే సున్నా. కాబట్టి "కొన్నేళ్ళకి పీఆర్" అన్న మాట మీకు అంత తేలిక కాదు. ప్రావిన్సులు (ఇక్కడి రాష్ట్రాలు) తామే మనిషిని ఎంచుకునే నామినేషన్ దారులు వేరే ఉన్నాయి, వాటి గురించి కంపెనీ వాళ్ళని కాకుండా లైసెన్సున్న ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌ని అడగండి. ఇంగ్లిష్ పరీక్ష ఎలాగూ రాయాలి, అది ఈరోజే మొదలుపెట్టొచ్చు.

లైసెన్సు ఇక్కడా కొత్తగానే. 2018 ఏప్రిల్‌లో సస్కాచెవాన్‌లో హంబోల్ట్ జూనియర్ హాకీ జట్టు బస్సుకి ట్రక్ అడ్డొచ్చి 16 మంది చనిపోయారు. ఆ తర్వాత చాలా ప్రావిన్సులు తప్పనిసరి శిక్షణ పెట్టాయి. ఒంటారియో 2017లోనే 103.5 గంటలతో మొదలుపెట్టింది, బ్రిటిష్ కొలంబియాలో 140 గంటలు. ఆ ప్రమాదం పేరు ఎత్తితే ఇక్కడి డ్రైవర్లు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. శిక్షణ అవగానే పని దొరుకుతుందని కూడా అనుకోవద్దు. ఇన్సూరెన్సు వాళ్ళు ఇక్కడి అనుభవం ఒకటి రెండేళ్ళు అడుగుతారు, అందుకని చాలా కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకోవు.

ఇక్కడ డ్రైవింగ్ రోజుకి 13 గంటల దాకా పోవచ్చు, యూరప్ కంటే చాలా ఎక్కువ. జీతం చాలాచోట్ల మైలుకి ఇంత అని. రోడ్డు మీద బోర్డులు కిలోమీటర్లలో, జీతం మైళ్ళలో. డాక్ దగ్గర నాలుగు గంటలు ఆగితే దానికి డబ్బు ఇస్తారో లేదో ముందే అడగాలి. ఇంకొకటి, "నీ పేరున ఒక కంపెనీ పెట్టుకో, జీతం అందులో వేస్తాం" అంటారు. ఇక్కడ దీన్ని డ్రైవర్ ఇంక్ అంటారు. చేతికి ఎక్కువ వచ్చినట్టే ఉంటుంది, కానీ పింఛను కోత కట్టరు, ఉద్యోగం పోతే బీమా ఉండదు, దెబ్బ తగిలితే దిక్కుండదు. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళకి ఇది ఇంకా ప్రమాదం, పీఆర్‌కి ఆ అనుభవం లెక్కలోకి రాకపోవచ్చు.

చలికాలం గురించి ఒక్క ముక్క. బ్రిటిష్ కొలంబియా కొండ దారుల్లో అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ట్రక్కులో గొలుసులు ఉండాలి. కోకిహాలా అనే కొండ హైవే ఎక్కే ముందు పక్కకి ఆపి, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో టైరుకీ ఆ ఇనుప గొలుసు తొడిగి బిగించాలి. చేతి తొడుగులతో కొక్కెం పడదు, తీస్తే వేళ్ళు కొయ్యబారతాయి. నడుము నొప్పి ఉన్నవాళ్ళకి అసలు పరీక్ష అక్కడే. నడుము సంగతి ఫిజియోథెరపిస్టుకి ఇప్పుడే చూపించుకోండి.

అమెరికా ఆలోచన ఉంటే, 2025 ఆగస్టులో కమర్షియల్ ట్రక్ డ్రైవర్లకి వర్క్ వీసాలు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఎవరైనా అక్కడికి పంపిస్తానంటే తాజా పరిస్థితి చూసుకోకుండా నమ్మొద్దు.


స్టీరింగ్44:

అన్నా, మంచుదారి గారూ, ఇద్దరికీ చేతులెత్తి దండం. కెనడా డబ్బు సంగతి అడిగాను. "అందరూ ఇస్తారు, నీకెందుకు అనుమానం" అన్నారు. అది వదిలేశాను. యూరప్ గురించి మా ఆవిడ అడుగుతోంది, నాలుగు వారాలకి ఒకసారి బండి దిగినా ఇంటికి రావడం ఏడాదికి ఒకటి రెండుసార్లే కదా, పిల్లల సంగతి ఏంటని. నా దగ్గర జవాబు లేదు.


ఇంటిదీపం జవాబు:

అన్నయ్యగారూ, మావారు 41లో వెళ్ళారు, యూరప్‌లోనే నడుపుతున్నారు. వదినగారి ప్రశ్నకి నేను చెబుతాను.

రోజూ ఫోన్ అనుకోకండి, 45 నిమిషాల బ్రేక్‌లో ఫోన్ అనుకోండి. మా ఇంట్లో మొదట్లో గొడవలన్నీ ఆయన అలసిపోయి ఉన్నప్పుడు చేసిన ఫోన్లలోనే. ఇప్పుడు బ్రేక్‌లో పిల్లలతో, రాత్రి బండి ఆపాక నాతో. వెళ్ళే ముందు మేం చేసిన మంచి పని ఒకటుంది. ఇంటి అప్పు, బ్యాంకు, ఇన్సూరెన్సు, పిల్లల ఫీజులు అన్నీ నాకు ఒక్కొక్కటిగా చూపించి నాతోనే చేయించారు, ఆయన పక్కన ఉండగానే. ఆయన వెళ్ళాక ఏ కాగితానికీ నేను ఎవరి గడపా తొక్కలేదు.

రెండోది, ఇంత డబ్బు పోగయ్యాక ఆపేద్దాం అనో, ఇన్నేళ్ళకి తిరిగి వచ్చేద్దాం అనో ఇద్దరూ కూర్చుని ముందే మాట అనుకోండి. పదిహేనేళ్ళ పిల్ల దగ్గర లేని మూడేళ్ళు తర్వాత ఏ డబ్బుతోనూ రావు. అది తెలిసే వెళ్ళాలి. వెళ్ళొద్దని నేను అనను. మా పెద్దవాడి చదువు ఆ స్టీరింగ్ మీదే నడిచింది, నాకు ఆయనంటే ఎంతో గర్వం.


టాకో_కార్డు:

చెల్లెమ్మ చెప్పింది వందకి వంద నిజం. తమ్ముడూ, సెలవు సంగతి కూడా కాంట్రాక్టులో చూడు. కొన్ని కంపెనీలు ఇన్ని వారాలు పని, ఇన్ని వారాలు ఇల్లు అని వంతులు పెడతాయి. ఇంటి వారాలకి జీతం ఉంటుందా, టికెట్ ఎవరిది అని అడుగు. ఇంకా కాంట్రాక్టు ఏ భాషలో సంతకం పెట్టిస్తారో అడుగు. లిథువేనియన్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి ఇస్తే తేడా వచ్చినప్పుడు ఏది చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది, ఆ వాక్యం వెతుకు. అదే కంపెనీలో ఇప్పుడు నడుపుతున్న ఇద్దరు డ్రైవర్ల నంబర్లు ఇమ్మను. ఇవ్వకపోతే అదే నీకు జవాబు.


స్టీరింగ్44:

అడిగాను అన్నా. శిక్షణ ఖర్చు, 45 గంటల బస, నాలుగు వారాల లెక్క, డ్రైవర్ల నంబర్లు, అన్నీ రాసి పంపాను. ఒక నంబర్ ఇచ్చాడు, ఆదివారం మాట్లాడతాను. స్లీప్ టెస్ట్‌కి కూడా పేరు రాయించుకున్నాను, మా ఆవిడ గురక సంగతి ఎప్పటినుంచో చెబుతోంది. కాంట్రాక్టులో జీతం పేజీ, కంపెనీ పేరు తీసేసి రేపు ఇక్కడ పెడతాను. ఒకసారి చూసి చెప్పండి.